హెడ్‌ఫోన్‌లో ఆయన గొంతు

నాకు బాగా చేతనైన పని ఒకటుండేది. అది అంత బాగా చేతకాకపోయి ఉంటే ఒక మనిషికి ఇవాళ గొంతు ఉండేది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెబితే "రోగం నువ్వు తెప్పించావా ఏంటి" అని ఓదారుస్తారు. ఆ ఓదార్పు నాకు అక్కర్లేదు.

మెట్రో ఇంకా నోయిడా దాకా రాని రోజులు. గ్రేటర్ నోయిడాలో ఎలక్ట్రానిక్స్ చదివి, హాస్టల్ ఖాళీ చేసి, సాఫ్ట్‌వేర్ కంపెనీల ఇంటర్వ్యూల్లో రెండుసార్లు నోరు పెగలక వెనక్కి వచ్చి, చివరికి నోయిడాలో ఒక డబ్బింగ్ స్టూడియోలో పడ్డాను. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. అక్కడివాళ్ళు కోఠీ అనే ఒక బంగళా కింద బేస్‌మెంట్. గోడల నిండా బూడిదరంగు ఫోమ్. ఒక మూల చిన్న గాజు గది, అందులో మైకు. బయట కంప్యూటర్, దాని ముందు నేను. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని రికార్డింగ్ జరిగినంతసేపూ ఆపేసేవాళ్ళం. మే, జూన్ నెలల్లో ఆ ఫోమ్ గోడల మధ్య ఉడికిపోయేవాళ్ళం.

టీవీలో పిల్లల కోసం వేసే సైన్సు, భూగోళం పాఠాలు హిందీలో తయారై మా దగ్గరికి వచ్చేవి. వాటిని ఐదారు భాషల్లోకి మార్చి పంపాలి. తెలుగు తెలిసిన ఇంజనీరు కావాలి కాబట్టి నన్ను తీసుకున్నారు. కరీంనగర్ నుంచి మా నాన్న ఫోన్ చేసి "ఏం పని బిడ్డా నీది?" అని అడిగితే "గొంతులు సాఫ్ చేసే పని బాపూ" అని చెప్పేదాన్ని. ఆయనకి అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం ఆ జవాబు భలే నచ్చేది.

తెలుగు పాఠాలు చదివేది ఒక పెద్దాయన. బందరు మనిషి. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరై, మయూర్ విహార్‌లో భార్యతో ఉండేవారు. స్టూడియోలో అందరికీ ఆయన అంకుల్‌జీ. నాకు అంకుల్. మంగళవారం, శుక్రవారం పదకొండింటికల్లా దిగేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో వాము వేసి మరిగించిన నీళ్ళ ఫ్లాస్కు. పాఠం కాగితాలు ముందురోజే ఇంట్లో చదువుకుని, ఊపిరి తీసుకోవాల్సిన చోట ఎర్ర పెన్నుతో చిన్న గీత గీసుకుని వచ్చేవారు. అందరూ మైకు ముందు "హలో హలో, వన్ టూ త్రీ" అంటారు. ఆయన మాత్రం అచ్చులు చదివేవారు. అ నుంచి అః దాకా, ఒక్కోదాన్నీ పూర్తిగా పలికి, "సరిపోయిందా అమ్మాయ్?" అని అడిగేవారు. అప్పుడు నేను రికార్డు నొక్కేదాన్ని అనుకుంటున్నారేమో. లేదు, అచ్చులు కూడా రికార్డు చేసేదాన్ని. వినడానికి అంత బాగుండేవి.

"ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాశానమ్మాయ్. ఒక్కడూ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఈ అగ్నిపర్వతాల పాఠం మాత్రం ఏ ఊళ్ళోనో ఒక పిల్లో పిల్లాడో బుద్ధిగా కూర్చుని వింటారు. ఇన్నాళ్ళకి నా మాట ఒకళ్ళు వింటున్నారు" అనేవారు. నా తెలుగును ఏడిపించేవారు. నేను "అయిపోయినాది" అంటే ఆగి, "ఏవిటీ, అయిపోయినాదా? పోయిందా, ఉన్నదా, సరిగ్గా చెప్పు" అని నవ్వేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీ బందరోల్లు సాగదీసుకుంట చెప్పేవరకు మా దగ్గర తిని పండుకుంటరు అంకుల్" అనేదాన్ని. ఇంటికి దూరంగా ఉన్న ఆ రోజుల్లో వారానికి రెండు పూటలు నా భాషను ఎగతాళి చేసే మనిషి ఉండడం నాకు పండగలా ఉండేది.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకి వినపడితే తప్ప చదివేవారు కాదు. కొంతమంది ఒక చెవి వదిలేస్తారు. ఆయన రెండు చెవులూ గట్టిగా మూసుకుని, వాల్యూమ్ పెంచమని సైగ చేసి, కళ్ళు కాగితం మీద, మనసు చెవిలో పెట్టి చదివేవారు. "గొంతు ఎక్కడ జారుతోందో అందులోనే తెలుస్తుంది. మైకు మొహమాటపడదు" అనేవారు.

డిసెంబర్‌లో గొంతు కొంచెం గరగరలాడింది. ఢిల్లీలో డిసెంబర్ అంటే అందరి గొంతూ అంతే. పొగమంచు, బయట చలిమంటల పొగ, లోపల రూమ్ హీటర్. నాకే వారం రోజులు మాట సరిగ్గా రాలేదు. ఆయన వాము నీళ్ళు ఇంకాస్త వేడిగా తెచ్చుకున్నారు. జనవరి వచ్చింది. నా గొంతు బాగైంది. ఆయనది కాలేదు.

ఒక సోమవారం స్టూడియో ఓనరు నన్ను పిలిచాడు. మా దగ్గర పాఠాలు చేయించుకునే టీవీవాళ్ళు ఫోన్ చేశారట. "తెలుగు మేరీ సమఝ్ మే నహీ ఆతీ, లేకిన్ ఖర్‌ఖర్ తో ఆతీ హై" అన్నాడు, తెలుగు అర్థం కాకపోయినా గరగర తెలుస్తూనే ఉందని. అంకుల్‌జీని ఇక చాలనిపించి, పడుచు గొంతు ఎవరిదైనా చూడమన్నాడు. పదహారు పాఠాలు అయ్యాయి, ముప్పై ఆరు మిగిలాయి. "ఒక్క వారం టైం ఇవ్వండి సర్, మిక్సింగ్‌లో సరిచేస్తాను" అన్నాను. సరిచేస్తే నాకేం అభ్యంతరం అన్నట్టు భుజాలు ఎగరేశాడు.

ఇక్కడ నా ప్రతిభ గురించి కొంచెం చెప్పాలి. మా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పాత రకం. బయటి ఎఫెక్టులు వేటినీ తనలోకి రానిచ్చేది కాదు, తనతో పుట్టిన నాలుగైదు తప్ప. గొంతులోని గరగరను ఏరి పారేసే ప్లగిన్, అంటే అలాంటి బయటి ఎఫెక్టు, ఒకటి నాకు తెలుసు. అది ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే పనిచేస్తుంది. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నా ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు, గోడ ఒకటే అయినా తలుపు లేని రెండు ఇళ్ళ లాగా. దానికి వర్చువల్ కేబుల్ అని ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. అది వేస్తే కంప్యూటర్ తనకి ఇంకో సౌండ్ కార్డ్ ఉందనుకుంటుంది. మొదటి సాఫ్ట్‌వేర్ నుంచి గొంతును ఆ లేని తీగలోకి పంపిస్తే రెండోది అందుకుంటుంది, శుభ్రం చేస్తుంది, ఇంకో లేని తీగలోంచి వెనక్కి పంపిస్తుంది. మొదటిది దాన్ని కొత్త ట్రాక్ మీద రాసుకుంటుంది. అసలు గొంతు ఉన్న ట్రాక్‌ను మ్యూట్ చేసి పక్కన పెట్టేస్తాను.

చెప్పడానికి ఇంతే. చేయడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటిసారి తిరిగొచ్చిన గొంతును మళ్ళీ అదే తీగలోకి పంపేశాను. అది తిరిగి తిరిగి పెరిగి స్పీకర్లలోంచి ఒక్కసారి కెవ్వుమంది. పై అంతస్తులోంచి ఓనరు వాళ్ళ అమ్మ పరుగెత్తుకొచ్చింది. రెండోసారి గొంతు ఆలస్యంగా తిరిగొచ్చింది. మూడోసారి మధ్యమధ్యలో చిటపటలు. ఆ ఆలస్యాన్ని తగ్గిస్తే చిటపట, చిటపట తగ్గిస్తే ఆలస్యం. ఆ రెండింటి మధ్య ఒక సందు దొరికేదాకా కుర్చీ దిగలేదు. శుక్రవారం పాఠం విని ఓనరు బొటనవేలు ఎత్తి చూపించాడు. టీవీవాళ్ళు అంకుల్‌జీ కోలుకున్నారా అని అడిగారట. నేను గాల్లో తేలిపోయాను. కాలేజీలో నాతో చదివినవాళ్ళు పెద్ద కంపెనీల్లో క్యాబుల్లో తిరుగుతున్నారు. వాళ్ళెవరికీ ఇది చేతకాదని ఆ రోజు నమ్మాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

తర్వాతి మంగళవారం ఆయన చదువుతూ చదువుతూ ఆగిపోయారు. "ఇంకోసారమ్మాయ్" అన్నారు. మళ్ళీ ఆగారు. దగ్గారు. వాము నీళ్ళు తాగారు. ఐదోసారి హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని గాజులోంచి నా వైపు చూశారు. "ఇది నా గొంతేనా?" అన్నారు. ఆ మొహం చూడలేకపోయాను. పరీక్ష తప్పిన పిల్లాడి మొహం అరవై మూడేళ్ళ మనిషికి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. శుభ్రం చేసిన గొంతును మిక్సింగ్‌లోనే కాదు, చదువుతున్నప్పుడే ఆయన హెడ్‌ఫోన్‌లోకి పంపితే? ఆలస్యం సెకనులో వందో వంతుకు దించాలి, లేకపోతే తన మాట తనకే అడ్డుపడి నాలుక తడబడుతుంది. ఆయన్ని టీ తాగి రమ్మని పైకి పంపి, కంప్యూటర్‌లో ఉన్న మిగతావన్నీ మూసేసి, ఆలస్యాన్ని దించుకుంటూ వచ్చాను. ఆయన దిగి వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, అచ్చులు మొదలుపెట్టారు. ఇ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మెరిశాయి. అః అయ్యాక "పైన టీలో ఏం కలిపారమ్మాయ్? గొంతు విచ్చుకుంది" అన్నారు. పాఠం ఒక్క టేకులో అయిపోయింది.

ఆయనకి చెప్పలేదు. ఏమని చెప్పాలి? మీరు వింటున్నది మీ గొంతు కాదు అంకుల్, మీ గొంతులోంచి నేను ఏరి ఇచ్చిన ముక్క అనా? అది దయ అనుకున్నాను. నిజానికి అందులో దయ ఎంతో, నా పనితనం మీద నాకున్న మోజు ఎంతో ఇప్పటికీ విడదీయలేను.

అప్పటినుంచి ప్రతి వారం అదే ఏర్పాటు. ఆయన శుక్రవారాలు ఒక సీడీ అడిగి తీసుకెళ్ళేవారు, ఆ వారం పాఠాలు ఇంట్లో వినడానికి. శుభ్రమైన ట్రాకే రాసి ఇచ్చేదాన్ని. ఆ ప్లగిన్‌లో ఎంత ఏరాలో చెప్పడానికి ఒక మీట ఉండేది, సున్నా నుంచి పది దాకా అంకెలు. జనవరిలో రెండు మీద పెట్టాను. ఫిబ్రవరిలో మూడున్నర. హోలీకి ఐదు. అంకె పెరుగుతోందంటే గొంతు దిగజారుతోందని ఎవరికైనా అర్థమవుతుంది. నాకు అది రోగంలా కనబడలేదు. పనిలో వచ్చిన చిక్కులా కనబడింది. ఐదు చాలకపోతే ఆరు పెట్టాను, ఆరుతో గొంతు పలచబడుతోందని కింద కొంచెం బరువు కలిపాను. ఎక్కడో ఒక అక్షరం బొత్తిగా విరిగితే పాత పాఠాల్లోంచి అదే అక్షరం తెచ్చి అతికించాను. అసలు ట్రాక్ వినడం మానేశాను. వినాల్సిన పని లేదు కదా.

హోలీ అయిన తర్వాత ఆదివారం వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. రెండు గదుల ఫ్లాట్, మెట్ల నిండా సైకిళ్ళు. ఆంటీ ఎక్కడో వెతికి గోంగూర తెచ్చి పచ్చడి చేశారు. ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుతుంటే ఆయన గొంతు నేరుగా విన్నాను. చాలా రోజుల తర్వాత. గాజు గది లేదు, తీగ లేదు. గుటకకీ గుటకకీ మధ్య బరబరమని చినిగిన గుడ్డలా ఉంది.

ఆంటీ అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టారు. "డాక్టరు దగ్గరికి పదండీ అని మూడు నెలల్నుంచి మొత్తుకుంటున్నానమ్మా. వినరు. నేనా మాట ఎత్తగానే లేచి వెళ్ళి నువ్విచ్చిన సీడీ పెడతారు. గొంతు ఇంత ఖంగుమంటుంటే డాక్టరుకి ఏం చూపించనే, అంటారు."

"ఇంట్లో గొంతు వదిలేస్తాను, అందుకని అలా ఉంటుంది. మైకు ముందు కూర్చుంటే దానంతటదే దార్లో పడుతుంది. నలభై ఏళ్ళ క్రితం నాటకాల్లో కూడా ఇంతే. తెర లేచేదాకా జలుబు, లేచాక ఉండేది కాదు" అన్నారాయన.

"ఆయన మాట నేను నమ్మను. నువ్వు వారం వారం వింటున్నావు. నువ్వు చెప్పు తల్లీ. నిజంగా అక్కడ బాగుంటుందా?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఆంటీ చేతిలో గరిటె ఆగింది. ఆయన మొహంలో ధీమా, నేను ఏం చెబుతానో తెలిసిన ధీమా. ఉన్నమాట చెబితే ఆయన ముందు పరువు పోయేది నాది. పాఠాలు పోయేవి ఆయనవి. ఒక్క క్షణంలో ఈ రెండూ చూసుకున్నాను. మూడోది ఒకటుందని తట్టలేదు.

"అక్కడ మంచిగనే ఉంటది ఆంటీ" అన్నాను.

ఆవిడ నమ్మారు. నేను చదువుకున్న పిల్లని, గొంతుల పని చేసేదాన్ని. "నువ్వంటున్నావంటే సరేనమ్మా" అని గరిటె కదిలించి, నా కంచంలో ఇంకొంచెం అన్నం వేశారు. ఆయన సీడీ పెట్టనే పెట్టారు. సముద్రపు ఆటుపోట్ల పాఠం. హాల్లో ఆయన గొంతు ఖంగుమని మోగింది. అది విని తృప్తిగా తల ఊపుతున్న మనిషి పక్కన కూర్చుని మజ్జిగ తాగి వచ్చాను. మీట ఆ వారం ఆరు మీద ఉంది.

మే నెలలో ఒక శుక్రవారం రెండో సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. ఎండకి కంప్యూటర్ వేడెక్కి ఉంటుంది. ఆయన వాక్యం మధ్యలో ఉన్నారు. తీగ తెగిపోయినట్టయింది. అటువైపు నుంచి ఏమీ రాకపోతే అసలు గొంతే హెడ్‌ఫోన్‌లోకి వెళ్ళేలా జాగ్రత్త కోసం నేనే పెట్టాను. అది వెళ్ళింది. ఆయన ఆగిపోయి, హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకి అదుముకున్నారు. మెల్లగా ఒక మాట అని చూసుకున్నారు. ఇంకో మాట. గాజు అవతల ఆ మొహం తెల్లబడడం చూశాను.

"ఏవమ్మాయ్, మైకు పాడైందా?"

దేవుడు నాకు ఇచ్చిన రెండో అవకాశం అది. అలాంటివి నమ్మనిదాన్ని, అయినా ఇంకో మాట దొరకడం లేదు.

"అవునంకుల్, మైకే. ఒక్క నిమిషం" అన్నాను.

"హమ్మయ్య" అన్నారాయన. "భయపడి చచ్చాను."

లేచి గాజు గదిలోకి వెళ్ళి, పాడవని మైకు తీగ ఊడదీసి మళ్ళీ పెట్టాను, ఆయన చూస్తుండగా. బయటికొచ్చి సాఫ్ట్‌వేర్ మళ్ళీ తెరిచాను. ఆయన అచ్చులు మొదటినుంచి చదివారు. ఆ రోజు ఆయన మిగతా పాఠమంతా మామూలుకంటే హుషారుగా చదివారు. నేను మీట ఎనిమిదికి పెంచాను.

జూలైలో ఆయన టీతో పాటు రోజూ తినే సమోసా మానేశారు. గొంతులో ఏదో అడ్డుపడుతోందన్నారు. వాము నీళ్ళు కూడా రెండు గుక్కలు పట్టేవి, అంతే. చొక్కా కాలరు వదులైంది. ఆగస్టులో మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ కనబడింది. ఇక ఆంటీ ఆగలేదు, ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నలభై ఆరు పాఠాలు అయ్యాయి అప్పటికి.

రెండ్రోజులకి ఆంటీ ఫోన్ చేశారు. "గొంతు ఎప్పట్నించి ఇలా ఉందని డాక్టరు పదిసార్లు అడుగుతున్నాడమ్మా. నేను శీతాకాలం నుంచంటాను, ఆయన కాదు రెండు నెలలే అంటారు. మైకు ముందు బాగుండేదిగా మరి, నువ్వూ చెప్పావు. మా ఇద్దరి మాటల్లో ఏది రాసుకోవాలో తెలియక డాక్టరు విసుక్కుంటున్నాడు. రికార్డింగులు ఉన్నాయని చెప్పాను. తేదీలు వేసి ఒక్కసారి పట్టుకొస్తావా?"

ఆ పూట బేస్‌మెంట్‌లో ఎవరూ లేరు. మ్యూట్ చేసి పక్కన పెట్టిన ట్రాకులన్నీ ఒక్కొక్కటీ తెరిచాను. ప్రతిదాని మొదట్లోనూ ఆయన అచ్చులు ఉన్నాయి. కిందటి సెప్టెంబర్ నుంచి నెలకొకటి చొప్పున కోసి వరసగా పేర్చాను. పన్నెండు నెలలు నాలుగు నిమిషాల్లోకి వచ్చాయి. సెప్టెంబర్ అ నిండుగా ఉంది. డిసెంబర్ అ అంచు చిరిగింది. ఫిబ్రవరి. ఏప్రిల్. జూన్‌లో ఊ అనబోతే గాలి వచ్చింది, ఊ రాలేదు. ఆగస్టులో అన్నీ గాలే. మధ్యలో ఎక్కడా మెరుగుపడలేదు. ఒక్క నెల కూడా లేదు. సంగీతం రాని మనిషి, తెలుగు రాని మనిషి, ఎవరు విన్నా ఇతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి అని అరిచేవారు. విన్నది నేనొక్కదాన్నే. కుర్చీలోంచి లేచి ఫోమ్ గోడకి మొహం ఆనించి ఏడ్చాను. ఆ గోడ బయటికి చప్పుడు వెళ్ళనివ్వదు.

ఆస్పత్రిలో డాక్టరు తన కంప్యూటర్‌లో సీడీ పెట్టుకుని విన్నాడు. చిన్నవాడు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద ఉంటాడేమో. ఒక్కసారే విన్నాడు. ఫైల్లో "డిసెంబర్" అని రాసి గుండ్రంగా చుట్టాడు. "మూడు వారాల్లో తగ్గకపోతే చూపించుకోవాలి కదా. యే తో ఆఠ్ మహీనే హో గయే" అన్నాడు. ఎనిమిది నెలలు. ఆంటీ నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆవిడకి ఆ అచ్చులు వినపడ్డాయి.

బయట వరండాలో ఆవిడ నన్ను ఆపారు. అరవలేదు. "మాకిచ్చినవి ఇవి కావుగా" అన్నారు.

అంతా చెప్పాను. తీగ, మీట, హెడ్‌ఫోన్, అన్నీ. ఆవిడకి సగం అర్థం కాలేదు. అర్థమవ్వాల్సింది అయింది.

"నేను అడిగాను కదమ్మా" అన్నారు. "అన్నం పెడుతూ అడిగాను."

అంతకుమించి ఆవిడ నాతో ఆ రోజుగానీ తర్వాతగానీ ఏమీ అనలేదు. అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

గడ్డ స్వరపేటికను పూర్తిగా పట్టేసింది. చిన్నగా ఉండగా వస్తే కరెంటు పెట్టి, అదే రేడియేషన్ ఇచ్చి, గొంతు పోకుండా కాపాడడానికి చూస్తారట. ఇప్పుడు ఆ దారి లేదు. సెప్టెంబర్‌లో ఆపరేషన్ చేసి పేటిక మొత్తం తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం, ఊపిరి అందులోంచి. మిగిలిన ఆరు పాఠాలకి ఓనరు ఒక కుర్రగొంతును తెచ్చాడు. అతని హెడ్‌ఫోన్‌లోకి అతని గొంతే పంపాను. రెండో సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లోంచి తీసేశాను. అప్పుడు తీసేసి ఏం లాభం.

ఆపరేషన్ అయిన పదో రోజు చూడడానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండడానికి తొమ్మిది రోజులు సాకులు వెతికాను. వార్డులో వరసగా మంచాలు. మెడకి తెల్ల గుడ్డ కట్టుకుని, దిండుకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి చెయ్యెత్తారు. ఆంటీ లేచి, నాకు స్టూలు వదిలి, నీళ్ళు పట్టుకొస్తానని బాటిల్ తీసుకుని వెళ్ళిపోయారు. బాటిల్ నిండుగానే ఉంది.

ఆయన పక్కన పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ పలక ఉంది. పుల్లతో రాసి, పైనున్న పొర ఎత్తితే చెరిగిపోయే రకం. అందుకుని రాశారు. సెక్షన్ ఆఫీసరు దస్తూరి, ఒక్క అక్షరం కూడా వంకర లేదు.

"అన్నం తిన్నావా?"

తిన్నానన్నాను. పొర ఎత్తారు. మళ్ళీ రాశారు.

"పాఠాలు అయ్యాయా?"

"ఇంకా రెండున్నయి అంకుల్."

తల ఊపారు. పొర ఎత్తి, ఈసారి రాయడానికి చాలాసేపు తీసుకున్నారు. రాసి, నా వైపు తిప్పారు.

"ఆంటీ చెప్పింది. నీకు మొదట ఎప్పుడు వినపడింది?"

ఫైల్లో ఉంది. డాక్టరు చుట్టి పెట్టాడు. ఆయనకి తెలుసు. అయినా నా నోటితో వినాలని అడుగుతున్నారు. జలుబనుకున్నానని అనొచ్చు. అందరి గొంతూ అలాగే ఉండిందని అనొచ్చు. రెండూ నిజమే. దారి పొడుగునా బస్సులో వాటినే కూడబలుక్కున్నాను.

"డిసెంబర్ల అంకుల్" అన్నాను.

పొర ఎత్తారు. రాశారు. పుల్ల నొక్కిన చప్పుడు వినపడింది.

"అప్పుడైతే కరెంటుతో పోయేదట. కోసేవారు కాదట."

చదివాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను కానీ ఆయన నా వైపు చూడడం లేదు, కిటికీ వైపు చూస్తున్నారు. ఇంకేమైనా రాస్తారేమోనని చూశాను. పుల్లని పలక పక్కన పెట్టేసి, రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకున్నారు. ఈసారి పొర ఎత్తలేదు. విజిటింగ్ టైం అయిపోయింది, లేవండి అని వార్డు దీదీ వచ్చి చెప్పేదాకా ఆ పలక నా వైపే తిరిగి ఉంది.